మోటారు మూలుగుతుంటే ముందు చూడాల్సింది కండెన్సర్‌నే

వాషింగ్ మెషీన్ మోటారుకు కరెంటు అందుతున్నా అది తిరగకుండా గుయ్యిమని మూలుగుతుంటే, చాలాసార్లు లోపం మోటారులో ఉండదు. దాని పక్కనే పట్టీతో బిగించిన, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. అదే కెపాసిటర్. మెకానిక్కులు, మోటారు వైండింగ్ షాపులవాళ్లు ఎక్కువగా కండెన్సర్ అంటారు. దాని ధర వందల్లోనే ఉంటుంది, మార్చడం కూడా పెద్ద పని కాదు. అయినా ‘మోటారు కాలిపోయింది, కొత్తది వేయాలి’ అన్న మాట నమ్మి, ఇంకా ఏళ్ల తరబడి పనిచేయగల మెషీన్‌ను పాత సామాన్ల బండికి ఎత్తేస్తుంటారు. కండెన్సర్ దొరకక కాదు, దుకాణంలో ఏమని అడగాలో తెలియక. కంపెనీ పేరు, మోడల్ నంబరు పట్టుకుని తిరిగితే దొరకనిది, డబ్బా మీది నాలుగైదు అంకెలు చదవగలిగితే పక్క వీధిలోనే దొరుకుతుంది.

ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజు కరెంటు. 230 ఓల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు (హెర్ట్జ్). ఈ కరెంటు ఒకే వైండింగులో, అంటే మోటారులోని ఒకే తీగచుట్టలో, పారితే పుట్టే అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరగదు, ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంది. లోపలి రోటరు ఎటు తిరగాలో తేలక అక్కడే కంపిస్తుంది. వినిపించే మూలుగు ఆ కంపనానిదే. ఒకదానికొకటి కాస్త వెనకాముందుగా నడిచే రెండు కరెంటులను రెండు వైండింగుల్లోకి పంపితే అయస్కాంత క్షేత్రం తిరుగుతుందని 1880లలో ఇటలీలో గెలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా ఎవరికి వారుగా చూపించారు. ఇంటికి వచ్చే ఒక్క కరెంటులోంచే ఆ రెండో కరెంటును పుట్టించడం కండెన్సర్ పని. అది రెండో వైండింగులోని కరెంటును మొదటిదాని కంటే దాదాపు 90 డిగ్రీలు ముందుకు జరుపుతుంది. మోటారు కదలడం మొదలైనా దాని పని అయిపోదు. మోటారు తిరిగినంతసేపూ కండెన్సర్ సర్క్యూట్‌లోనే ఉంటుంది, అందుకే దీన్ని రన్ కండెన్సర్ అంటారు. నీళ్ల మోటార్లలో, కంప్రెసర్లలో ఒకటి రెండు సెకన్లు పనిచేసి తప్పుకునే స్టార్ట్ కండెన్సర్ వేరే జాతి.

బట్టలు ఉతికేటప్పుడు తొట్టె అడుగున ఉండే పల్సేటర్ కాసేపు కుడికి, కాసేపు ఎడమకు తిరగాలి. అందుకని వాష్ మోటారులోని రెండు వైండింగులూ ఒకే మందం తీగతో, ఒకే చుట్ల లెక్కతో ఉంటాయి. వాటి కొసల మధ్య అడ్డంగా కండెన్సర్ ఉంటుంది. టైమర్ కరెంటును ఒక కొసకు ఇస్తే మోటారు ఒకవైపు తిరుగుతుంది, రెండో కొసకు ఇస్తే ఇంకోవైపు. కండెన్సర్ మాత్రం రెండు దిక్కులకూ ఒక్కటే. నీళ్లు పిండే తొట్టెను, అంటే ఇళ్లలో డ్రయ్యర్ అనేదాన్ని, తిప్పే స్పిన్ మోటారు ఒకే దిక్కుకు తిరుగుతుంది. దాని వైండింగులు సమానంగా ఉండవు, దానికి చిన్న విలువ (దీన్ని మైక్రోఫారడ్లలో కొలుస్తారు) ఉన్న కండెన్సర్ సరిపోతుంది. రెండు తొట్టెల సెమీ ఆటోమేటిక్ మెషీన్లలో ఈ రెండు మోటార్లకూ రెండు కండెన్సర్లు ఉంటాయి, లేదా రెండూ కలిసిన ఒకే డబ్బా ఉంటుంది. పైనుంచి బట్టలు వేసే ఫుల్లీ ఆటోమేటిక్ మెషీన్లలో మామూలు ఇండక్షన్ మోటారు ఉన్నవాటికి ఒకటే ఉంటుంది.

అన్ని మెషీన్లకూ ఈ డబ్బా ఉండదు. ముందువైపు తలుపున్న ఫ్రంట్ లోడ్ మెషీన్లలో కొన్నింటికి కార్బన్ బ్రష్‌లున్న మోటారు ఉంటుంది. దానికి రన్ కండెన్సర్ అక్కర్లేదు. ఇన్వర్టర్, డైరెక్ట్ డ్రైవ్ అని రాసి ఉన్నవాటిలో మోటారును ఎలక్ట్రానిక్ బోర్డే నడుపుతుంది కాబట్టి వాటికీ ఉండదు. అలాంటి మెషీన్లలోనూ కరెంటు తీగ లోపలికి వచ్చే చోట ఓ చిన్న డబ్బా కనిపించవచ్చు. అది కరెంటులోని రొదను వడకట్టే ఫిల్టరు. మోటారు తిరగకపోవడానికి దాన్ని మార్చి లాభం లేదు.

మూలుగు ఏం చెబుతుంది?

కండెన్సర్ కొనడానికి ముందే జబ్బు తేల్చుకోవాలి. ఇందులో చెవి, చెయ్యి చాలావరకు సాయపడతాయి. స్విచ్ వేసినా ఏ చప్పుడూ లేకపోతే అనుమానం కండెన్సర్ మీదికి పోకూడదు. కరెంటు మోటారు దాకా రావడం లేదన్నమాట. ప్లగ్గు, ఫ్యూజు, టైమర్, డ్రయ్యర్ మూత కింది స్విచ్, మోటారు వైండింగులో దాగి ఉండే థర్మల్ ఫ్యూజు వరసగా చూడాలి. మెషీన్ ఒకవైపు చక్కగా తిరిగి, రెండోవైపు అసలు తిరగకపోతే అప్పుడూ కండెన్సర్ నిర్దోషే. రెండు దిక్కులకూ అదే పనిచేస్తుంది కాబట్టి, అది పోతే రెండు వైపులా ఆగాలి. ఒకవైపే ఆగిందంటే టైమర్‌లోని కాంటాక్టు కాలిందనో, బోర్డులోని ఒక స్విచ్ పోయిందనో అర్థం. ఈ ఒక్క సంగతి తెలియక మంచి కండెన్సర్లను పీకి పారేసిన సందర్భాలకు లెక్క లేదు.

మూలుగు వినిపిస్తూ రెండు వైపులా కదలకపోతే సాధారణంగా రెండు దారులు. కండెన్సర్ పోయి ఉండాలి, లేదా మోటారును ఏదో పట్టి ఆపుతూ ఉండాలి. ప్లగ్గు తీసేసి, పల్సేటర్‌ను చేత్తో తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. సాఫీగా తిరిగితే కండెన్సర్ మీద అనుమానం బలపడుతుంది. బిగుసుకుపోతే గేర్ బాక్స్, బుష్, పల్సేటర్ కింద ఇరుక్కున్న నాణెమో పిన్నీసో గుండీనో వెతకాలి. డ్రయ్యర్ తొట్టె విషయంలో బ్రేకు చూడాలి. మూత వేసినప్పుడు బ్రేకు వైరు లాగి, తొట్టెను వదిలేయాలి. వైరు సాగిపోతే బ్రేకు పట్టుకునే ఉంటుంది, మోటారు మూలుగుతుంది, పాపం కండెన్సర్ ఖాతాలో పడుతుంది. తొట్టెకూ బయటి గోడకూ మధ్య జారిపడిన చేతి రుమాలు కూడా అచ్చం ఇదే లక్షణం చూపిస్తుంది.

పూర్తిగా పోయిన కండెన్సర్ కన్నా సగం చచ్చినదాన్ని పట్టుకోవడమే కష్టం. బట్టలు లేనప్పుడు మెషీన్ బాగానే తిరుగుతుంది. నాలుగు జతలు వేసి నీళ్లు నింపగానే నీరసిస్తుంది. డ్రయ్యర్ వేగం అందుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంది, బట్టలు తడితడిగానే బయటికొస్తాయి. మోటారు మామూలు కన్నా వేడెక్కుతుంది. బెల్టు వదులైనా దాదాపు ఇలాగే ఉంటుంది. అయితే అక్కడ మోటారు కప్పీ తిరుగుతూనే ఉంటుంది, బెల్టు మాత్రం జారి కీచుమంటుంది, రబ్బరు వాసన వస్తుంది. కప్పీ కూడా తిరగకుండా ఆగిపోతుంటే కండెన్సర్‌ను మీటరుతో చూడాల్సిందే.

మెషీన్ నడుస్తుండగా తొట్టెను చేత్తో నెట్టి తిరుగుతుందేమో చూడటం కొందరు మెకానిక్కుల అలవాటు. కండెన్సర్ పోయిన మోటారు ఎటు నెడితే అటు తిరుగుతుందన్న సూత్రం నిజమే. కానీ తొట్టె ఒక్కసారిగా వేగం అందుకుంటే వేళ్లు పోతాయి. ఇంట్లో ఈ పరీక్ష ఎవరూ చేయకూడదు.

తాకే ముందు ఖాళీ చేయాలి

ప్లగ్గు తీసేసినా కండెన్సర్‌లో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. 230 ఓల్టుల కరెంటు తరంగం శిఖరం దగ్గర 325 ఓల్టులు ఉంటుంది. 10 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఆ ఓల్టేజీ వరకు నిండి ఉంటే అందులోని శక్తి అర జౌలుకు కాస్త ఎక్కువ. ఆరోగ్యవంతుడికి అది సాధారణంగా ప్రాణాంతకం కాదు గానీ, గట్టి దెబ్బే. ఉలిక్కిపడి వెనక్కి లాగిన చెయ్యి రేకు అంచుకు తగిలి కోసుకుపోవడం ఇంకో ప్రమాదం. కొన్ని డబ్బాల్లో ఈ నిల్వను తనంతట తానే ఖాళీ చేసే రెసిస్టరు ఉంటుంది, చాలావాటిలో ఉండదు.

ఖాళీ చేయడానికి సరైన పద్ధతి, 10 కిలో ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టరును కండెన్సర్ కొసల మధ్య కొన్ని సెకన్లు ఆనించడం. దాని కాళ్లకు తొడుగున్న తీగలు అతికించి, చేతికి లోహం తగలకుండా పట్టుకోవాలి. రెసిస్టరు లేకపోతే హోల్డరులో పెట్టిన పాతకాలపు ఫిలమెంటు బల్బు కూడా పనికొస్తుంది, ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. తర్వాత మీటరును డీసీ ఓల్టుల మీద పెట్టి సున్నా వచ్చిందని చూసుకోవాలి. రెండు కండెన్సర్లు కలిసిన డబ్బా అయితే రెండు భాగాలనూ విడివిడిగా ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్పున పేల్చడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ నిప్పురవ్వ కంటికి ప్రమాదం. కండెన్సర్ లోపలి పలచటి లోహపు పూతకూ అది నష్టమే, బాగున్న భాగం కూడా ఆ దెబ్బతో బలహీనపడుతుంది.

ఇక పరీక్ష. డబ్బా ఉబ్బినా, పగిలినా, కాళ్ల దగ్గర మాడినా, లోపలి పదార్థం కారినా మీటరు అక్కర్లేదు, మార్చేయడమే. పైకి బాగుంటే, కనీసం ఒక తీగ అయినా విడదీసి, కెపాసిటెన్స్ కొలిచే సదుపాయమున్న డిజిటల్ మల్టీమీటరుతో చూడాలి. తీగలు విప్పకుండా కొలిస్తే మోటారు వైండింగు అడ్డొచ్చి తప్పుడు అంకె వస్తుంది. డబ్బా మీద 10 మైక్రోఫారడ్లు, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని ఉంటే 9.5 నుంచి 10.5 మధ్య రావాలి. 9కి దిగువన ఉంటే దాని పని అయిపోయినట్టే. 7, 6 దగ్గర ఉంటే మెషీన్ ఇన్నాళ్లూ ఎందుకు నీరసంగా ఉందో తెలిసిపోతుంది.

వీధి చివరి మెకానిక్కు దగ్గర కెపాసిటెన్స్ మీటరు లేకపోవచ్చు. ఆయన సిరీస్ బల్బుతో చూస్తాడు. కండెన్సర్‌తో వరసలో కలిపిన బల్బు మసగ్గా వెలిగితే బాగుందని, పూర్తి వెలుగుతో వెలిగితే లోపల షార్ట్ అయిందని, అసలు వెలగకపోతే తెగిపోయిందని లెక్క. పూర్తిగా పోయినదాన్ని ఈ పద్ధతి పట్టిస్తుంది. కానీ విలువ మూడో వంతు తగ్గిన కండెన్సర్‌తో కూడా బల్బు దాదాపు అలాగే మసగ్గా వెలుగుతుంది, ఆ తేడా కంటికి అందదు. ‘కండెన్సర్ బాగానే ఉంది, మోటారే పోయింది’ అన్న తప్పుడు తీర్పుల్లో చాలావాటికి మూలం ఈ బల్బే.

అనుభవమున్న టెక్నీషియన్లు మెషీన్ నడుస్తుండగానే కొలుస్తారు. కండెన్సర్ తీగలో పారే కరెంటును క్లాంపు మీటరుతో, దాని కొసల మధ్య ఓల్టేజీని మామూలు మీటరుతో చూస్తారు. ఆంపియర్లను 3183తో హెచ్చించి ఓల్టులతో భాగిస్తే మైక్రోఫారడ్లు వస్తాయి. 325 ఓల్టుల దగ్గర 1.02 ఆంపియర్లు పారుతుంటే అది 10 మైక్రోఫారడ్లు. ఈ లెక్క 50 హెర్ట్జ్ కరెంటుకే వర్తిస్తుంది. పని ఒత్తిడిలో కండెన్సర్ నిజంగా ఎంత మోస్తోందో చెప్పే పద్ధతి ఇది. కరెంటు పారుతుండగా చేసేది కాబట్టి అలవాటున్న చేతులకే తగుతుంది.

డబ్బా మీది అంకెలు

కొత్తది వెతకడంలో అసలు పని ఇక్కడే ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైనది విలువ. మైక్రోఫారడ్లలోనో, ఎంఎఫ్‌డీ అనో రాసి ఉంటుంది, రెండూ ఒకటే. సెమీ ఆటోమేటిక్ మెషీన్లలో వాష్ మోటారుకు 10 చుట్టుపక్కల, స్పిన్ మోటారుకు 5 చుట్టుపక్కల ఉండటం సాధారణం. ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్‌లలో 10 నుంచి 18 దాకా రకరకాలు కనిపిస్తాయి. ఇవి అంచనా కోసమే, కొనేటప్పుడు పాత డబ్బా మీద ఉన్న అంకే కొనాలి. సీలింగ్ ఫ్యాను కండెన్సర్ చూడటానికి ఇలాగే ఉన్నా దాని విలువ 2.5 దగ్గర ఉంటుంది. అది ఈ మోటారును కదపలేదు.

ఎక్కువ విలువ వేస్తే మెషీన్ ఇంకా బలంగా తిరుగుతుందన్న నమ్మకం మార్కెట్‌లో గట్టిగా ఉంది. మొదట్లో అలాగే అనిపిస్తుంది కూడా. కానీ ఆ బలం రెండో వైండింగు ఖర్చు మీద వస్తుంది. దానిలోంచి అవసరానికి మించిన కరెంటు పారుతుంది, మోటారు అదురుతుంది, తీగ మీది వార్నిష్ మాడుతుంది, కొన్నాళ్లకు వైండింగే కాలిపోతుంది. వందల రూపాయల భాగంలో చేసిన తప్పుకు వేల రూపాయల మోటారు మూల్యం చెల్లిస్తుంది. తక్కువ విలువ వేస్తే బలం చాలక మోటారు ఆగిపోయి వేడెక్కుతుంది. ఖచ్చితమైన అంకె దొరకని అత్యవసరంలో 5 శాతం అటూ ఇటూ పర్వాలేదు. 12కి బదులు 12.5 వేయవచ్చు. 10కి బదులు 15 వేయకూడదు.

దొరకని విలువను రెండు చిన్నవాటితో కూర్చడం సరైన మార్గమే. కండెన్సర్లను పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా కలిపితే విలువలు కూడుతాయి, 6, 4 కలిస్తే 10. ఒకదాని వెనక ఒకటి కలిపితే తగ్గుతుంది, రెండు పదులు వరసగా కలిస్తే 5 అవుతుంది. రెండోదానితో పని తక్కువ. మొదటిది మాత్రం చిన్న ఊళ్లలో బాగా అక్కరకొస్తుంది. రెండింటి ఓల్టేజీ రేటింగూ సరిపోవాలి, మెషీన్ లోపల రెండూ కదలకుండా బిగించేంత చోటుండాలి.

విలువ తర్వాత ఓల్టేజీ చూడాలి. ఇంట్లో కరెంటు 230 ఓల్టులే కదా, 250 ఓల్టుల కండెన్సర్ చాలదా అన్న ప్రశ్న సహజం. చాలదు. రెండు వైండింగులూ సమానంగా ఉన్న మోటారులో, రెండు కరెంటుల మధ్య 90 డిగ్రీల తేడా ఉన్నప్పుడు, కండెన్సర్ కొసల మధ్య ఓల్టేజీ ఇంటి ఓల్టేజీకి 1.41 రెట్లు, అంటే దాదాపు 325 ఓల్టులు ఉంటుంది. లైనులో ఓల్టేజీ పెరిగితే అదీ పెరుగుతుంది. అందుకే మన మార్కెట్‌లో ఈ కండెన్సర్ల మీద 440 లేదా 450 ఓల్టులు అని ఉంటుంది. పాతదాని మీద 440 ఉంటే 450 నిశ్చింతగా వేయవచ్చు, 400కి దిగకూడదు. అంకె పక్కన ఏసీ అని గానీ, అల గుర్తు గానీ ఉండాలి. డీసీ ఓల్టుల్లో రేటింగున్న కండెన్సర్ అంకె ఎంత పెద్దదైనా ఈ పనికి రాదు. నల్లటి గుండ్రటి డబ్బాల్లో వచ్చే ఎలక్ట్రోలైటిక్ స్టార్ట్ కండెన్సర్లు సెకన్ల పాటు పనిచేయడానికే తయారైనవి. వాటిని ఇక్కడ పెడితే కాసేపట్లోనే వేడెక్కి పేలిపోతాయి.

మిగతా రాతలు నాణ్యత గురించి చెబుతాయి. ఎస్‌హెచ్ అన్న రెండక్షరాలుంటే అది తనను తాను మాన్చుకునే రకం. లోపల పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియమో జింకో అతి పలచగా పూసి ఉంటుంది. పొరలో ఎక్కడైనా చిల్లు పడితే ఆ చుట్టూ ఉన్న లోహం క్షణంలో ఆవిరైపోయి, చెడిన చోటును మిగతా భాగం నుంచి వేరుచేస్తుంది. కండెన్సర్ బతుకుతుంది, కానీ ప్రతి గాయానికీ కాస్త విస్తీర్ణం పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ 10 కాస్తా 8కి దిగజారడం వెనక ఉన్నది ఇదే. 40/85/21 లాంటి అంకెలుంటే మొదటిది తట్టుకోగల చలి, సున్నాకు దిగువన 40 డిగ్రీలు. రెండోది తట్టుకోగల వేడి, 85 డిగ్రీలు. మూడోది తేమలో పరీక్షించిన రోజులు. మన ఎండలకూ, బాత్‌రూమ్ పక్కన మూలన పెట్టే మెషీన్లకూ 70 కన్నా 85 ఉన్నదే మేలు.

ఐఈసీ 60252 అనే అంతర్జాతీయ ప్రమాణం కండెన్సర్లను ఆయుష్షును బట్టి తరగతులు చేసింది. ఎ తరగతి 30,000 గంటలు, బి 10,000, సి 3,000, డి 1,000. రోజుకు గంట నడిచే ఇంట్లో బి తరగతిది లెక్క ప్రకారం 27 ఏళ్లు, సి తరగతిది 8 ఏళ్లు రావాలి. ఇంత తేడా ఉన్నా ధరలో తేడా స్వల్పమే, కాబట్టి బి దొరికినప్పుడు సి కొనడంలో అర్థం లేదు. పి0, పి1, పి2 అనో, కొత్త పద్ధతిలో ఎస్0 నుంచి ఎస్3 వరకో ఉండే గుర్తులు చెడిపోయేటప్పుడు ఎంత భద్రంగా చెడిపోతుందో చెబుతాయి. పి0 అంటే ప్రత్యేక రక్షణ ఏదీ లేనట్టు. బాల్కనీలోనో వంటింటి పక్కనో మనుషులు లేనప్పుడు కూడా నడిచే యంత్రంలో ఈ భద్రతా గుర్తులకు విలువ ఎక్కువ. మోటారు కండెన్సర్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2993. సీబీబీ 60, సీబీబీ 61 అన్నవి కంపెనీ పేర్లు కావు, రకాలు. మొదటిది సాధారణంగా గుండ్రటి గొట్టంలా, రెండోది పలకలా వస్తుంది. విలువ, ఓల్టేజీ, తరగతి సరిపోయి, పట్టీలో ఇమిడితే ఆకారం మారినా నష్టం లేదు.

రాత చెరిగిపోతే

డబ్బా కాలిపోయి అంకెలు కనిపించకపోవడం తరచూ జరిగేదే. అప్పుడు ఊహతో కొనకూడదు. మోటారు మీద అతికించిన స్టిక్కరును తుడిచి చూస్తే కొన్నింటి మీద కండెన్సర్ విలువ రాసే ఉంటుంది. వెనక రేకుకు లోపలివైపో, టైమర్ దగ్గరో అతికించిన వైరింగ్ బొమ్మలో ఉండవచ్చు. కంపెనీ సర్వీసు కేంద్రానికి మోడల్ నంబరు చెబితే విడిభాగం పేరుతో పాటు విలువ చెప్పగలరు. మోడల్ నంబరు నిజంగా పనికొచ్చేది ఈ ఒక్కచోటే. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కంపెనీల సర్వీసు, వారంటీ, విడిభాగాల వివరాలు వెతకవచ్చు. ఏ దారీ లేకపోతే మోటారును వైండింగ్ షాపుకు తీసుకెళ్లాలి. అక్కడ వేర్వేరు విలువలు పెట్టి, మోటారు తీసుకునే కరెంటు, వేడి, అదురు చూసి సరైనదాన్ని తేలుస్తారు.

ఆ షాపులో ఉండగానే వైండింగు కూడా చూపించుకోవాలి. వాష్ మోటారు మూడు తీగల్లో ఉమ్మడి తీగ నుంచి మిగతా రెండింటికీ ఓమ్‌లు సమానంగా రావాలి, ఆ రెండింటి మధ్య రెట్టింపు రావాలి. ఒకవైపు బాగా తగ్గితే చుట్లు మాడి కలిసిపోయాయి, అసలు రాకపోతే తీగ తెగింది. ఈ కొలత సరిగ్గా లేనప్పుడు ఎంత మంచి కండెన్సర్ వేసినా వృథా. స్పిన్ మోటారులో రెండు వైపులా ఓమ్‌లు వేరువేరుగా ఉండటం లోపం కాదు, అది దాని తయారీ.

ఎక్కడ దొరుకుతుంది

నీళ్ల మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసే వైండింగ్ షాపులున్న ప్రతి మండల కేంద్రంలోనూ రన్ కండెన్సర్లు ఉంటాయి. అక్కడ ‘వాషింగ్ మెషీన్‌ది కావాలి’ అంటే లేదనే జవాబే రావచ్చు. ‘పది ఎంఎఫ్‌డీ, 440 ఓల్టులు, రన్నింగ్ కండెన్సర్’ అంటే అదే మనిషి అరలోంచి తీసిస్తాడు. హైదరాబాద్‌లో విద్యుత్ సామాన్లకు ట్రూప్ బజార్, ఎలక్ట్రానిక్ విడిభాగాలకు కోఠీ గుజరాతీ గల్లీ, మోటార్లూ పంపులకు సికింద్రాబాద్ రాణీగంజ్ పేరున్న చోట్లు. చెన్నైలోని తెలుగువాళ్లకు రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఉన్నవాళ్లకు ఎస్పీ రోడ్డు అందుబాటులో ఉన్నాయి. అమెరికాలో ఇంటి కరెంటు 120 ఓల్టులు, 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి మెషీన్ల కండెన్సర్ల అంకెలు వేరుగా ఉంటాయి. ఇక్కడి వాడుక విలువలను అక్కడి మెషీన్‌కు పోల్చి కొనకూడదు.

పాత డబ్బాను వెంట తీసుకెళ్లడం అన్నిటికన్నా తేలిక. కొత్తదాన్ని కౌంటరు దగ్గరే మీటరుతో కొలిపించుకోవాలి. మంచి దుకాణదారు దానికి అభ్యంతరం చెప్పడు. పేరున్న గుర్తును అనుకరించిన నాసిరకం సరుకు మార్కెట్‌లో ఉంది. వేలితో రుద్దితే చెరిగే ముద్ర, తయారీ తేదీ గానీ ప్రమాణం గుర్తు గానీ లేకపోవడం, రాసిన విలువ కన్నా తక్కువ చూపడం దాని ఆనవాళ్లు. ఆన్‌లైన్‌లో కొంటే ఫొటోలో డబ్బా మీది రాత స్పష్టంగా కనిపించేదే కొనాలి, ఇంటికి రాగానే కొలిచి చూసుకోవాలి.

బిగించడంలో కష్టమేమీ లేదు, జాగ్రత్తే కావాలి. విప్పే ముందు తీగల రంగులతో ఫొటో తీసుకోవాలి. ఈ కండెన్సర్‌కు ప్లస్సూ మైనస్సూ ఉండవు, రెండు తీగలవాటిలో ఏది ఎటు కలిపినా ఒకటే. రెండు కలిసిన డబ్బాలో మాత్రం పొరపాటుకు చోటుంది. మూడు తీగలుంటే ఒకటి ఉమ్మడిది, నాలుగుంటే రెండు జతలు. ఏ రంగు దేనిదో డబ్బా మీదే ఉంటుంది, లేకపోతే మీటరుతో తేల్చాలి. వాష్ మోటారు విలువ స్పిన్ మోటారుకు వెళితే ఒకటి నీరసిస్తుంది, ఇంకోటి మాడుతుంది. అతుకులను మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకూడదు. తడి చోట ఆ టేపు ఏడాది తిరక్కుండా ఊడిపోతుంది. క్రింపు చేసిన కనెక్టరు, దానిపై వేడికి ముడుచుకునే గొట్టం వేస్తే నిలుస్తుంది. నీళ్లు కారినా కాళ్ల మీద పడకుండా డబ్బాను పట్టీతో గట్టిగా బిగించాలి.

వెనక రేకు విప్పినప్పుడే ఇంకో పని కూడా చేసేయాలి. సెమీ ఆటోమేటిక్ మెషీన్ల అడుగు తెరిచి ఉంటుంది కాబట్టి ఎలుకలు లోపలికి వెళ్లి తీగల తొడుగు కొరికేస్తాయి. కండెన్సర్ పోయిందనుకున్న కొన్ని మెషీన్లలో నిజంగా తెగింది దాని తీగే. కొరికిన తీగలు మార్చి, అడుగున వల బిగించాలి. ఎర్త్ తీగ రేకుకు బిగువుగా ఉందో లేదో చూడాలి. ఎర్త్ లేని మూడు పిన్నుల సాకెట్లో తడి చేతులతో వాడే యంత్రాన్ని పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చే పని.

రేకు మూసేశాక ముందు ఖాళీగా, తర్వాత నీళ్లతో, ఆపైన బట్టలతో నడిపి చూడాలి. రెండు దిక్కులకూ ఒకే ఊపుతో తిరగాలి, మూలుగు లేకుండా కదలాలి. అరగంట తర్వాత ప్లగ్గు తీసి చూస్తే కండెన్సర్ డబ్బా గోరువెచ్చగా ఉండవచ్చు, చెయ్యి ఆనించలేనంత వేడి మాత్రం ఉండకూడదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న అంచనా. కొత్తది కొద్ది నెలల్లోనే పోతే మళ్లీ అదే కొని వేయడం పరిష్కారం కాదు. విలువ తప్పై ఉండాలి, లైను ఓల్టేజీ మితిమీరి ఉండాలి, వైండింగులో చుట్లు కలిసిపోయి ఉండాలి, లేదా బేరింగు పట్టేసి మోటారు మీద భారం పెరిగి ఉండాలి. ఆ నాలుగింటిలో ఏదో తేల్చుకున్నాకే మూడోది కొనాలి. తీసేసిన పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు వాషింగ్ మెషీన్లకూ వర్తిస్తాయి.